ఎగ్‌లెస్ మామ

బళ్లారి బ్రూస్‌పేటలో మామ ఇల్లు కనుక్కోవడానికి నంబరు అక్కర్లేదు. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు ఏ వంటింటి కిటికీలోంచి వెనిల్లా వాసనా, దాని వెనకే ఒక ఉపన్యాసమూ వస్తే అదే ఇల్లు. జీవితమంతా బ్యాంకులో లెక్కలు సరిచూసి రిటైరైన మనిషి. వచ్చిన డబ్బులో మొదటగా కొన్నది ఓవెన్. అంతకుముందు వంటింటి గడప దగ్గర ఆయన చేసిన పని, మంచినీళ్లు అడగడం ఒక్కటే.

ఈ రకం మామలు ఇప్పుడు బళ్లారిలో వీధికొకరున్నారు. గుంతకల్లులోనూ అనంతపురంలోనూ కూడా తగులుతారు. గుర్తుపట్టడం తేలిక. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టి ఉండరు. కానీ గుడ్డు గురించి వాళ్లకు తెలిసినంత కోడికి కూడా తెలియదు.

"చూడప్పా, పెంకు తీస్తే యాభై గ్రాములు. అందులో ముప్పాతిక భాగం నీళ్లే!" అంటూ మామ మొదలుపెడతాడు. బ్యాంకు వాళ్లిచ్చిన పాత డైరీ ఒకటి తెరుస్తాడు. కేకులోంచి ఒక గుడ్డు తీసేస్తే నాలుగు పద్దులు బాకీ పడతాయని ఆయన లెక్క. పిండిని పట్టి ఉంచేది ఒకటి, పొంగించేది ఒకటి, తడి ఇచ్చేది ఒకటి. నాలుగోది నెయ్యినీ నీళ్లనీ విడిపోకుండా కలిపి ఉంచే లెసిథిన్, అది పచ్చసొనలో ఉంటుంది. తెల్లసొన అరవై డిగ్రీలు దాటాక గట్టిపడటం మొదలుపెడుతుందనీ, ఓవెన్‌లో కేకు గోడలు నిలబడేది అందువల్లేననీ చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక ఆరాధన పలుకుతుంది. ఇంత గౌరవం ఆమ్లెట్ వేసుకునేవాడి నోట నేనెప్పుడూ వినలేదు.

మొదటి పద్దు అవిసె గింజలతో తీరింది. ఒక చెంచా పొడికి మూడు చెంచాల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురుగా తయారవుతుంది. అది పిండిని బాగానే పట్టుకుంటుంది. చిక్కేమిటంటే, మా వైపు అవిసె గింజలు కేకు కోసం పుట్టలేదు. జొన్నరొట్టెలోకి చట్నీపొడి కోసం అత్త వేయించి పెట్టుకున్న డబ్బా నెలకు రెండుసార్లు ఖాళీ అవుతోంది. రొట్టెలోకి వట్టి పెరుగు పెట్టుకుంటూ అత్త అడుగుతుంది: "గుడ్డుకు బదులు నా అవిసె గింజలు తీసుకుంటివి. నా అవిసె గింజలకు బదులు ఏమి పెట్టేది సామీ?"

మామ డైరీలో దానికి పద్దు లేదు.

రెండోది, పొంగించే పద్దు. పెరుగూ వంటసోడా చాలు. కాకపోతే పెరుగులో సోడా పడ్డ క్షణం నుంచే బుడగలు పుడతాయి, అవి పోకముందే గిన్నె ఓవెన్‌లోకి వెళ్లిపోవాలి. ఈ సంగతి మామకు చాలా బాగా తెలుసు. తెలుసు కాబట్టే, గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి మాకు వివరంగా చెబుతాడు. వివరణ పూర్తయ్యేసరికి బుడగలన్నీ బళ్లారి గాలిలో కలిసిపోతాయి. కేకు రెండు వేళ్ల మందం దగ్గర ఆగిపోతుంది. బయటికి తీసి, వేలితో నొక్కి, "డెన్స్‌గా వచ్చింది" అంటాడు. తక్కువ మాట్లాడిన ఆదివారాల్లో కేకు బాగా పొంగుతుందని వీధిలో పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. ఆయన నోరు తెరవగానే ఎవడో ఒకడు "తాతా, మీకు ఫోను" అని కేకేస్తాడు.

తడి పద్దుకు అరటిపండు. ఇక్కడ మామ వెనక సాక్షాత్తూ ప్రభుత్వమే ఉంది. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం బళ్లారితో సహా ఏడు జిల్లాల బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టడం మొదలుపెట్టింది. తినని పిల్లలకు అరటిపండు అంది. పిల్లల బక్కతనం పోగొట్టడానికి చేసిన ఏర్పాటు అది. ఒకటి పెడితే మాంసకృత్తులు, రెండోది పెడితే చక్కెర అని పోట్లాడినవాళ్లున్నారు, ఆ పోట్లాటలో న్యాయముంది. మామకు మాత్రం అందులో కనిపించింది ఒక్కటే: "గుడ్డుకు బదులు అరటిపండు. సర్కారు లెక్కే చెబుతోంది!" అప్పట్నించీ ఆయన కేకులన్నీ, చాక్లెట్‌దైనా నారింజదైనా, అరటిపండు వాసనే వేస్తాయి.

దుకాణంలో మామను చూడాలి. కేకు ప్యాకెట్ చేతికి రాగానే పేరు చూడడు, ధర చూడడు, తిరగేసి ఆకుపచ్చ చుక్క కోసం వెతుకుతాడు. మన దేశపు నిబంధనల్లో పాలు ఆకుపచ్చ గుర్తు వైపు, గుడ్డు గోధుమరంగు గుర్తు వైపు పడతాయి. ఆకుపచ్చ కనిపిస్తే అయ్యంగార్ బేకరీల చరిత్ర ఎత్తుకుంటాడు. హాసన్ నుంచి వెళ్లిన తిరుమలాచార్ 1898లో బెంగళూరులో బేకరీ పెట్టాడనీ, గుడ్డు లేకుండానే ఖారా బన్నూ దిల్‌పసందూ కర్ణాటకనంతా ఏలాయనీ చెప్పుకొస్తాడు. వెనక వరసలో బ్రెడ్డు కోసం నిలబడ్డవాళ్లు ఆ చరిత్రను ఓపికగా వింటారు. రెండో ప్రపంచయుద్ధం దాకా వచ్చేసరికి ఓపిక తగ్గుతుంది. ఇంగ్లండులో అప్పుడు రేషను మీద మనిషికి వారానికి ఒక గుడ్డు, అదీ దొరికితే. అక్కడి ఆడవాళ్లు సోడా, వినెగర్‌లతో కేకులు పొంగించారు. "వాళ్లకు యుద్ధమొస్తే గానీ తెలియలేదు. మనకు ఏ యుద్ధమూ లేకుండానే తెలుసు" అని మామ గర్వపడతాడు. "చాలు సామీ, బిల్లు కట్టండి" అని దుకాణదారు అంటాడు.

కేకు ముక్క చేతికిచ్చాక ఆయన అనే మాట ఒకటుంది: "అచ్చం గుడ్డు వేసినట్టే ఉంది, కదా?" మీరెప్పుడు తిన్నారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ ముక్కతో పాటు కాఫీ కూడా వస్తుంది. అత్త కాఫీ పోగొట్టుకునే ధైర్యం బ్రూస్‌పేటలో ఎవరికీ లేదు.

అసలు పోరు నాలుగో పద్దు దగ్గర రాలేదు, నురగ దగ్గర వచ్చింది. కాబూలీ శనగలు ఉడికిన నీళ్లను గిలక్కొడితే తెల్లసొనలాగే తెల్లగా నురగ లేస్తుందని విదేశాల్లో పదేళ్ల కిందటే కనిపెట్టారు. నిజంగానే లేస్తుంది. అది తెలిసిన రోజు ఇంట్లో పండుగ. ఓళిగల కోసం, అదే బొబ్బట్ల కోసం, అత్త శనగపప్పు ఉడకేసి, కట్టు వంచి, చారు కోసం పక్కన పెట్టింది. మామ కాబూలీ శనగల కోసం బజారుకు పోలేదు. శనగ శనగే కదా అనుకున్నాడు. బీటర్ పెట్టి అరగంట కొట్టాడు. కొంచెం నురగ లేచింది, గోడల మీదికి ఎక్కువ లేచింది. ఆ రోజు ఓళిగలున్నాయి గానీ చారు లేదు. అత్త ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పెద్ద శిక్ష.

ఈమధ్య మామ చూపు ఎగ్ పఫ్ మీద పడింది. బెంగళూరు నుంచి మనవరాలు వచ్చినప్పుడల్లా బేకరీలో అదే అడుగుతుందట. ఎగ్‌లెస్ ఎగ్ పఫ్ చేసి తీరుతానని శనివారం సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి డైరీలో బొమ్మ గీశాడు. మధ్యలో పచ్చసొనకు బదులు తియ్యటి శనగపప్పు ముద్ద, దాని చుట్టూ తెల్లసొనకు బదులు పనీరు, పైన మైదా పొర.

అత్త కళ్లజోడు పెట్టుకుని బొమ్మ వైపు చూసింది.

"పనీరు తీసేయ్. ఓళిగవుతుంది."

మామ చాలాసేపు ఆలోచించాడు. పెన్ను తీసి పనీరు కొట్టేశాడు. "ఖర్చు తగ్గింది" అన్నాడు.