పెరటి రైలు ప్రయాణానికి పనికిరాదు

హబ్సిగూడ మనిషి రైలెక్కాలంటే వీసా కావాలి. వీసా అక్కర్లేని మెట్రో రైలు ఒకటి 2017 నవంబరు నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా వచ్చి, అతగాడి బాల్కనీ ఎత్తులో ఆగి, తలుపులు తెరిచి, మూసుకుని, తార్నాక వైపు వెళ్లిపోతూనే ఉంది. అది ఎక్కేది వేరేవాళ్లు: అమీర్‌పేట కోచింగ్ పిల్లలు, హైటెక్ సిటీలో కొత్తగా కొలువులో చేరినవాళ్లు, ఇంకా కారు కొననివాళ్లు. మనవాడు ఎక్కే రైలు జ్యూరిక్‌లో ఉంటుంది.

ఈ వేసవికి మా అపార్టుమెంటు మూడో అంతస్తువారు యూరప్ వెళ్తున్నారు. ప్యారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ, చివర్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూతురిల్లు. అక్కడ కారు అద్దెకు తీసుకోవాలా, రైలు పాసు కొనాలా అన్నది ఇప్పుడు బిల్డింగు మొత్తానికీ తెగని పంచాయితీ. లిఫ్టు రిపేరుకు ఇంటికి ఇంతని వేసుకుందామంటే కోరం ఉండదు గానీ, దీనికి సెల్లారులో కుర్చీలు చాలలేదు.

కారు పక్షానికి పెద్ద దిక్కు రెండో అంతస్తు రియల్ ఎస్టేట్ సారు. "కారుంటే ఫ్రీడమ్ అన్నా. ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవచ్చు" అన్నది ఆయన ఏకైక వాదం. మా వీధిలో ఆయనకు ఆ హక్కు ఎప్పుడో దఖలు పడింది గనక ఫ్లారెన్స్‌లోనూ ఉండే ఉంటుందని నమ్మకం. ఇటలీలో పాత ఊళ్ల నడిబొడ్డు చుట్టూ జెడ్‌టీఎల్ అని ఒక గిరి గీసి పెట్టారు. అనుమతి ఉన్న బళ్లు తప్ప మరోటి ఆ గిరి దాటకూడదు. ఆపడానికి పోలీసు ఉండడు, విజిల్ ఉండదు, ఫలానా వారి తాలూకు అని చెప్పుకునే సౌకర్యం అసలే ఉండదు. కెమెరా మాత్రం నంబరు ప్లేటును ఫోటో తీసుకుంటుంది. అద్దె కంపెనీ మీ చిరునామా వాళ్లకిచ్చి, ఇచ్చినందుకు మీ కార్డు మీదే రుసుము గీకుతుంది. మీరు ఇల్లు చేరి, ఫోటోలన్నీ గ్రూపులో పెట్టేసి, చాక్లెట్లు పంచేసి, అంతా మర్చిపోయిన కొన్ని నెలలకు అసలు జరిమానా గడప తొక్కుతుంది. హోటల్ దొరక్క అదే సందులో రెండు చక్కర్లు కొట్టారా, రెండు జరిమానాలు.

"ఏం కాదన్నా, డిస్కౌంట్ పెడతారులే" అన్నాడాయన. అనుభవం అట్లాంటిది మరి. పెండింగు చలాన్లకు మన సర్కారు 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి తగ్గింపు మేళా పెట్టింది కదా. ఇటలీలోనూ తగ్గింపు లేకపోలేదు, నోటీసు అందిన అయిదు రోజుల్లో కడితే ముప్పై శాతం. అక్కడ ముందు కట్టినవాడికి రాయితీ. ఇక్కడ ఎగ్గొట్టినవాడికి.

మిగతా తతంగం కూడా చిన్నది కాదు. ఏడాది చెల్లే అంతర్జాతీయ పర్మిట్ కోసం ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగాలి. నడిపేవాడి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, దాని మీద డిపాజిట్ కింద పెద్ద మొత్తం బిగబట్టుకుంటారు. ఆటోమేటిక్ గేరు కావాలంటే అద్దె పెరుగుతుంది. ప్యారిస్‌లో తీసుకుని రోమ్‌లో అప్పగిస్తానంటే ఆ బండిని వెనక్కి తెచ్చుకునే ఖర్చూ మన నెత్తినే. రోడ్డుకు కుడివైపున నడపాలన్న భయం ఒక్కటే మావాళ్లకు లేదు. యూ-టర్న్ దాకా పోయే ఓపిక లేక హబ్సిగూడ చౌరస్తాలో ఎదురొచ్చే బళ్లకు ఎదురెళ్లిన చేతులవి, ఆ శిక్షణ ఊరికే పోతుందా!

రైలు పక్షం తరఫున మాట్లాడింది మొదటి అంతస్తులో ఉండే రిటైర్డ్ సైంటిస్టు గారు. మా ఇలాకాలో లాబొరేటరీలకు కొదవ లేదు గనక అంతస్తుకో సైంటిస్టు ఉంటారు. ముప్పై మూడు దేశాలకు ఒకటే యూరెయిల్ పాసు, అది చేతిలో ఉంటే యూరప్ అంతా మనదే అని ఆయన సిద్ధాంతం. ఆ పాసు చేతిలో ఉన్నా ఫ్రాన్స్‌లో టీజీవీ అనే వేగపు బండి ఎక్కాలంటే సీటు విడిగా రిజర్వు చేసుకోవాలని, దానికి మళ్లీ డబ్బు కట్టాలని, పాసు వాళ్లకిచ్చే సీట్ల కోటా అయిపోతే ఆ బండి దక్కదని ఎవరో అంటే, "అదొక సిస్టమండీ" అని తన్మయంగా కళ్లు మూసుకున్నారు. జర్మనీలో 2024లో దూరప్రాంతపు రైళ్లు సకాలంలో వచ్చింది నూటికి అరవై రెండున్నర సార్లే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద రాసుకోకుండా! ఇది విని కూడా ఆయన చలించలేదు. "ఎంత ఆలస్యమో బోర్డు మీద వేస్తారండీ, అదీ గొప్ప" అన్నారు. ఇదే మనిషి వరంగల్ నుంచి వస్తూ మౌలాలి ఔటర్‌లో పావుగంట ఆగిపోతే, ఈ దేశం బాగుపడదని ఫోన్ చేసి మరీ తీర్పు చెప్పారు.

అన్నిటికన్నా ముచ్చటైనది లక్సెంబర్గ్ ప్రసంగం. 2020 ఫిబ్రవరి 29 నుంచి ఆ దేశంలో బస్సు, ట్రాము, సెకండ్ క్లాసు రైలు అందరికీ ఉచితం. "అదండీ నాగరికత అంటే" అని సైంటిస్టు గారు చేతులెత్తి మొక్కినంత పని చేశారు. 2023 డిసెంబరు 9న మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు, జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నారని గ్రూపులో మూడు పేజీలు రాసిన చెయ్యి కూడా అదే. వాళ్లింట్లో అంట్లు తోమే ఆమె మల్లాపూర్ నుంచి జీరో టికెట్టు మీదే వస్తుంది. పొద్దున ఏడింటికల్లా సింకు ఖాళీ కావడంలో ఆ సోమరితనం పాత్ర కొంత ఉంది.

సరే, మరి ఇక్కడ రైలెక్కరేమని అడిగితే ఇరు పక్షాలూ ఏకగ్రీవం. "స్టేషన్ దాకా నడిచేదెట్లా సార్? ఫుట్‌పాత్ ఏదీ?" నిజమే, నేనూ చూశాను. గేటు దాటగానే ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత టిఫిన్ బండి, తర్వాత మున్సిపాలిటీ తవ్వి వదిలేసిన గుంత. ఆ తర్వాత, రెండు చక్రాలు పైనా రెండు చక్రాలు కిందా పెట్టి, దుమ్ము పట్టకుండా బూడిద రంగు కవరు కప్పిన ఒక పెద్ద బండి. కవరెత్తి చూడక్కర్లేదు, అది మన రియల్ ఎస్టేట్ సారు రెండో కారు. దాని వెనక ఆనించి సైంటిస్టు గారి అల్లుడిది.

పూర్తిగా మనవాళ్లనే అనడం కూడా అన్యాయం. చర్లపల్లిలో విమానాశ్రయం లాంటి టెర్మినల్ కట్టి 2025 జనవరిలో ప్రారంభించారు. సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారని కొన్ని బళ్లను అటు మళ్లించారు. తెల్లారుజామున నాచారం మీదుగా అక్కడికి క్యాబ్ కట్టించుకుంటే, కాజీపేట జనరల్ టికెట్టు కంటే క్యాబ్ డబ్బులే ఎక్కువ. జ్యూరిక్‌లో స్టేషన్ బయట అడుగు పెడితే ట్రాము నిలబడి ఉంటుంది. మనకు ఆటో అన్న నిలబడి ఉంటాడు, మీటరు మాట ఎత్తనంత వరకూ. ఇక ఉప్పల్ నుంచి నారపల్లికి పైవంతెన అని 2018లో మొదలుపెట్టిన పనికి స్తంభాలు ఏళ్ల తరబడి ఆకాశాన్ని మోస్తూ నిలబడ్డాయి.

చెబితే నమ్మరు గానీ, ఈ రోడ్డూ రైలూ గొడవను నిజాం స్టేట్ రైల్వే ఎప్పుడో తీర్చేసింది. 1932లో రైల్వేవాళ్లే తమ కిందే రోడ్డు రవాణా విభాగం పెట్టి, ఇరవై ఏడు బస్సులు దింపారు. రైలూ బస్సూ ఒకే ఇంటి పిల్లలు. ఆ వంశంలోదే నేటి ఆర్టీసీ. ఇప్పుడు మెట్రోది ఒక గల్లాపెట్టె, ఎంఎంటీఎస్ లోకల్ రైలుది ఒకటి, ఆర్టీసీది ఇంకొకటి. మామూలుగా ఒకరి టికెట్టు ఒకరికి చెల్లదు.

మూడో అంతస్తువారికి నేనేం చెప్పానంటే, పట్నం నుంచి పట్నానికి రైలు, టికెట్లు నెలల ముందే కొంటే పాసు కంటే చాలాసార్లు చవక. టస్కనీ పల్లెలు తిరగాలనుకుంటే అక్కడొక రెండ్రోజులు కారు. ఇది ఎవరికీ నచ్చలేదు, ఏ పక్షమూ గెలవలేదు గనక. ఆవకాయ, రైస్ కుక్కర్, తలా ఒక పెద్ద సూట్‌కేసు యూరప్ చిన్నకారు డిక్కీలో పట్టవని తేలాక చివరికి రైలే ఖాయమైంది. శంషాబాద్‌కు ఉప్పల్ మీదుగా పుష్పక్ బస్సు ఉంది గానీ రెండు క్యాబులు చెప్పారు, ఒకటి మనుషులకు, ఒకటి సామానుకు.

అన్నట్టు, మా బిల్డింగులో ఒక ఫ్లాటు అమ్మకానికి వచ్చింది. రియల్ ఎస్టేట్ సారే బేరం చూస్తున్నాడు. గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ఎర్రటి అక్షరాలు: "మెట్రోకు అయిదు నిమిషాల నడక." నిన్న ఒక జంట చూడ్డానికి వచ్చింది, కార్లో. గదులు చూడకముందే ఆయన అడిగాడు:

"రెండో కారుకు పార్కింగ్ ఉందా సార్?"

"ఎందుకు లేదన్నా, బయట ఫుట్‌పాత్ మనదే కదా!"