బూజుకర్ర వాదన

నేను కర్రసాము కర్రను. పుట్టింది వెదురు పొదలో, చేరింది బెజవాడ వన్‌టౌన్‌లోని ఒక తాలీంఖానాకు. నన్ను కోయడం, కాచి వంపు తీయడం, నూనె పట్టించడం అలా ఉంచండి, ఏ వెదురుకైనా ఆ మాత్రం జరుగుతుంది. తాలీంఖానా మూతపడ్డాక నా తలకు చీపురు కట్టి బూజుకర్రను చేశారు. ఎండాకాలం మామిడికాయలు రాల్చాను, వానాకాలం వరండాలో దండేన్నయ్యాను, మధ్యలో వీధికుక్కల మీద కూడా ప్రయోగించారు. దసరా ఊరేగింపుకి మాత్రం చీపురు ఊడదీసి, పసుపు రాసి ఎవరో కుర్రాడి చేతిలో పెట్టేవారు. వాడు గిరగిరా తిప్పేవాడు, జనం ఈలలు వేసేవారు, మర్నాడు మళ్లీ చీపురే. నా కోపం బూజు మీద కాదు, ఆ ఈలల మీద. కర్రసాముని కరాటే మింగిందంటారు, సినిమా మింగిందంటారు. నేనొప్పుకోను. ఎదుటి మనిషి అక్కర్లేని వేడుకగా దాన్ని మార్చుకున్నాం, అందుకే పోయింది. సాక్ష్యం జపాన్ నుంచి తెస్తాను. అక్కడ నాకు వరసకు తమ్ముడొకడున్నాడు, జో అని నాలుగడుగుల పైచిలుకు ఓక్ కర్ర. వాడింకా ఉద్యోగంలోనే ఉన్నాడు.

వాడికి ఆ కొలువిచ్చింది ఐకిడో విద్యను స్థాపించిన మొరిహేయి ఉయెషిబా. 1883లో తనాబేలో పుట్టారు. 1915లో హొక్కైదోలో సోకకు తకెదాకు శిష్యుడై దైతో-ర్యూ జుజుత్సు నేర్చుకున్నారు, ఆపైన ఒమోతో మతగురువు ఒనిసబురో దెగుచి వెంట నడిచారు. 1925లో ఒక నౌకాదళ అధికారి చెక్కకత్తితో మీద పడితే, ఉత్త చేతులతో ప్రతి వేటునూ తప్పుకున్నారనీ, చివరికి ఆ అధికారే అలిసి ఆగిపోయాడనీ ఐకిడోవాళ్లు చెబుతారు. శిష్యులు చెప్పే కథల్లో కొంత కోత ఉంటుంది, సరే. కానీ ఆ చెక్కకత్తి అలసట నాకు అర్థమవుతుంది, తగలని దెబ్బే కర్రకు ఎక్కువ బరువు. ఎదుటివాడు జోని రెండు చేతులా పట్టుకున్నాడనుకోండి. వెనక్కి లాక్కోబోతే ఇద్దరి బలమూ కర్రలోనే పెనుగులాడి ఎక్కడిదక్కడే ఆగుతుంది. అతను లాగిన వైపే మీరూ ఒక అడుగు వేసి నడుం తిప్పితే, వదలని పట్టే అతణ్ణి తూలేలా చేస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. కృష్ణా కాలువల్లో పడవలు నడిపిన గెడకర్రలు మా వంశంవే. పడవవాడు గెడను భుజానికి ఆనించి, ఒళ్లంతా వాల్చి నడిచేవాడే గాని రెక్కల బలంతో తోసేవాడు కాదు.

మనకూ మహాబలులున్నారు కదా అంటారు. ఎందుకు లేరు, కోడి రామ్మూర్తి నాయుడుగారున్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ కంపెనీ పెట్టి, కలియుగ భీముడనిపించుకుని 1942లో కన్నుమూశారు. ఆయన ఛాతీ మీద ఏనుగు నిలబడిన కథ, ఇనుప గొలుసులు తెంచిన కథ తెలియని తెలుగువాడు తక్కువ. ఆయన శాకాహారీ, ప్రాణాయామం చేసేవారూ అన్న సంగతి తెలిసినవాళ్లు ఎందరు? తప్పు ఆయనది కాదు, చూసినవాళ్లది. ఏనుగును చూసి ఇంటికెళ్లినవాడు తన ఒంటితో చేయడానికి ఏమీ పట్టుకెళ్లలేదు. ఉయెషిబా బడిలో మొదట నేర్పేది విసరడం కాదు, దెబ్బ తగలకుండా పడటం. ఒకడు మీదికొస్తాడు, రెండోవాడు మళ్లిస్తాడు, తర్వాత ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు. ఒక్కడే చేయలేని చదువు కాబట్టి రెండోవాడికి అబ్బక తప్పదు. గురువు 1969లో పోయినా కొడుకు కిస్షోమారు, తర్వాత మనవడు నడుపుతూ వచ్చిన ఆ బడి ఇవాళ వందకు పైగా దేశాల్లో ఉందంటే, దానికి కారణం ఈ జోడీయే అంటాను.

ఐకిడోలా పోటీ లేని విద్య నిజంగా పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది అన్నది గట్టి ప్రశ్నే. ఉయెషిబా శిష్యుడు కెంజి తొమికికే ఆ అనుమానం వచ్చి, పోటీలతో వేరే శాఖ పెట్టారు. విసరకముందే పడిపోయే జోడీగాడు ఎవరికీ పనికిరాడని నేనూ ఒప్పుకుంటాను. దానికి విరుగుడు పతకం కాదు, నిజాయితీగా పట్టుకునే చెయ్యి. ఇంకో అభ్యంతరం ఉంది: శాంతి గురించి అంత చెప్పిన మనిషి యుద్ధానికి ముందూ యుద్ధకాలంలోనూ సైనిక విద్యాలయాల్లో పాఠాలు చెప్పలేదా? చెప్పారు. 1942లో అన్నీ వదిలి ఇవామాకు వెళ్లి పొలం చేసుకున్నంత మాత్రాన అది చెరిగిపోదు. కానీ నేను ఆయన సాధుత్వానికి పూచీ పడటం లేదు, ఆయన వదిలివెళ్లిన అభ్యాస పద్ధతికి పడుతున్నాను. ఇక తల్లిదండ్రుల ప్రశ్న, సర్టిఫికెట్ వస్తుందా అని. ఐకిడోలోనూ దాన్ పట్టాలిస్తారు, గోడకు తగిలించుకునే కాగితానికి లోటుండదు. మన సాముకూ అలాంటిదొకటి అచ్చు వేయించండి, నాకేం అభ్యంతరం లేదు. దాంతోపాటు నా రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషిని కూడా పంపండి.