మేకు కొడితే తప్పు, మేడ కడితే ఒప్పు!

దోమకొండ గడికోట చూసి, రాత్రికి చెరువు పక్కనే టెంటు వేసుకుందామని పట్నం కుర్రకారు సరదా. నీళ్లకేం కొదవ? అటు పోచారం, ఇటు 1931లో పూర్తయిన నిజాంసాగర్. ఫోనులో వెతికితే ‘లేక్ వ్యూ’లు బోలెడు. కాకపోతే అవన్నీ అమ్మకానికి పెట్టిన ప్లాట్లు!

పాతిక ఎకరాలు దాటిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదని నిబంధన. అది చదివిన అమాయకుడు టెంటు మేకు కొట్టడానికీ జంకుతాడు. గీత మీదే మూడంతస్తులు లేపిన ఘనుడికి మాత్రం ఇంటి నంబరు, కరెంటు మీటరు, నల్లా వరసగా నడిచొస్తాయి.

చెరువుల పూడిక తీసే పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైంది ఇక్కడి సదాశివనగర్ పాత చెరువులోనే. పూడికైతే ట్రాక్టర్లకెక్కి పొలాలకు పోయింది. కబ్జా ఏ ట్రాక్టరూ ఎక్కదు!

తెల్లారితే చుట్టేసే టెంటుకు సవాలక్ష అనుమతులు, తరాలపాటు కదలని కబ్జాకు రిజిస్ట్రేషన్. కనుక క్యాంపింగ్ ప్రియులారా, టెంటు దండగ, ప్లాటే కొనుక్కోండి. మీరు చెరువు దాకా పోనక్కర్లేదు, వానాకాలం అదే మీ హాల్లోకొచ్చి క్యాంపు వేస్తుంది!