ఎలక్ట్రీషియను గారి గురుగ్రహం

బొగ్గుబాయి ఊళ్లలోని మనుషుల రకాలను వర్గీకరించబూనిన పరిశోధకుడు చిట్టీలు నడిపేవాణ్ణి, యూనియన్ ఆఫీసు ముందు కుర్చీ వదలనివాణ్ణి, రెట్టింపు కూలి దక్కే ఆదివారపు ప్లేడే డ్యూటీ ఎవరికి పడిందో శుక్రవారమే ఆరా తీసేవాణ్ణి సులభంగానే గుర్తుపట్టగలడు. అయితే యైటింక్లైన్ కాలనీలోనో సెంటినరీ కాలనీలోనో రెండో షిఫ్టు ముగించుకొని వచ్చి, అర్ధరాత్రి వేళ క్వార్టరు డాబా మీద ఒక లావుపాటి గొట్టం పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మనిషిని చూస్తే మాత్రం, నీళ్లట్యాంకుకు లీకేజీ వెతుకుతున్నాడనే నిర్ణయానికి రావడం సహజం. అతడు వెతుకుతున్నది గురుగ్రహాన్ని. మోటార్లు బాగుచేయడం అతని ఉద్యోగం. మోటారు లేని టెలిస్కోపుతో గ్రహాల ఫొటోలు తీయడం అతని వ్యసనం.

అతని పరికరాన్ని డాబ్సోనియన్ అంటారు. కాంతిని పోగుచేసే పుటాకార దర్పణాన్ని గొట్టం అడుగున బిగించి, ఆ గొట్టాన్ని పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ చేత్తో తిప్పడానికి వీలుగా చెక్కపెట్టెలో కూర్చోబెట్టడమే దాని నిర్మాణం. దీనిని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ (1915–2014) శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు మఠంలో 23 ఏళ్లు సన్యాసిగా ఉండి, టెలిస్కోపుల పిచ్చి ముదరడంతో 1967లో మఠం విడవవలసి వచ్చిన సంగతి మన ఎలక్ట్రీషియనుకు కంఠస్థం. ఇంట్లో తగువు వచ్చినప్పుడల్లా అతడు ఆ మహానుభావుణ్ణి ఉదాహరిస్తాడు. ఆ మఠంవాళ్లకున్న తెలివి తనకు లేకపోయిందని భార్య విచారిస్తుంది. దసరా ముందు అందిన లాభాల వాటాలోనుంచి ఎనిమిదంగుళాల టెలిస్కోపు కొంటానన్నప్పుడు, ఎనిమిదంగుళాలే కదా అని ఒప్పుకున్నది ఆమే. ఆ ఎనిమిది అంగుళాలు దర్పణపు వ్యాసమని, గొట్టం పొడవు నాలుగడుగులని ట్రాలీ ఆటో ఇంటిముందు ఆగినప్పుడు తెలిసింది.

భూమి తన చుట్టూ తాను తిరగడంవల్ల ఆకాశంలోని బింబాలు సెకనుకు సుమారు 15 ఆర్క్ సెకన్ల చొప్పున పడమటికి జరుగుతుంటాయి. డిగ్రీలో 3600వ వంతును ఆర్క్ సెకను అంటారు. భూమికి దగ్గరగా వచ్చిన కాలంలో గురుగ్రహపు వెడల్పు 45 ఆర్క్ సెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది గనుక, అది మూడు సెకన్లలో తన వెడల్పంత దూరం జారిపోతుంది. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరాన్ని రెట్టింపు చేసే బార్లో కటకం తగిలించి, ఐదు మిల్లీమీటర్ల వెడల్పైనా లేని కెమెరా సెన్సరును అమర్చితే, గురుడు ఒక అంచున ప్రవేశించి రెండో అంచున నిష్క్రమించడానికి అర నిమిషం కూడా పట్టదు. అందువల్ల అతడు గ్రహాన్ని తరమడు. అది రాబోయే చోటికి గొట్టాన్ని ముందే తిప్పి, చేయి తీసేసి, ఊపు ఆగేవరకు ఊపిరి బిగబట్టి కాచుకుంటాడు. హాలేజీ దారిలో టబ్బులు దాటిపోయేవరకు పక్కగోడలోని మ్యాన్‌హోలులో ఒదిగి నిలబడిన అనుభవం ఇక్కడ అక్కరకు వస్తుంది. సరిగ్గా అప్పుడే పక్క క్వార్టరాయన సిగరెట్టు కాల్చుకోవడానికి డాబా ఎక్కుతాడు, స్లాబు అదురుతుంది, గురుడు ఒక్క గంతులో తెరమీదినుంచి మాయమవుతాడు.

ఇలా దొరికిన వీడియో ముక్కలను కంప్యూటరుకు ఎక్కించి, పిప్ అనే సాఫ్ట్‌వేరుతో పారిపోతున్న గ్రహాన్ని ప్రతి చిత్రంలోనూ నడిమధ్యకు లాగి, ఆటోస్టాకర్ట్ అనే మరొకదానితో వేల చిత్రాలలో గాలి కదలిక తక్కువగా ఉన్న క్షణాలవాటిని ఏరి ఒకదానిపై ఒకటి పేర్చడాన్ని స్టాకింగ్ అంటారు. గురుడు పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగివస్తాడు గనుక, ఈ వేటంతా కొద్ది నిమిషాలలో ముగియాలి. లేకుంటే మేఘపట్టీల వివరాలు అలుక్కుపోతాయి. హైదరాబాదులోని నిజామియా వేధశాల గత శతాబ్దపు తొలినాళ్లలో అంతర్జాతీయ నక్షత్రపటం కోసం తీసినటువంటి ఫొటోలకు నక్షత్రం వెంట నిమిషాల తరబడి కదిలే యంత్రం తప్పనిసరి. గ్రహాలకు సెకనులో చిన్న వంతు చాలు. మోటారు అక్కరలేదనడానికి అతడు చూపే శాస్త్రాధారం ఇదే. ఆ డబ్బు అద్దం వెడల్పుకు పోయిందన్న ఆర్థికాధారాన్ని మాత్రం ప్రస్తావించడు. “అన్నా, బాయిల మోటర్లన్ని నువ్వే జూస్తవు, దీనికొకటి వెట్టరాదే?” అని అడిగిన కుర్రవాడికి దొరికే జవాబు: “గిదొక్కటన్న బ్రేక్‌డౌన్ లేకుంట ఉండనియ్యిరా.”

బొగ్గుదుమ్ము, ఓపెన్‌కాస్టుల ఫ్లడ్‌లైట్లు, పక్కనే 2600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ ఉన్నచోట ఆకాశమేం కనబడుతుందని జాలిపడే బంధువులకు తెలియనిదేమంటే, ఆ వెలుతురులో కొట్టుకుపోయేవి మసక నీహారికలే గాని గ్రహాలు కావు. గ్రహాలకు కావలసింది నిలకడైన గాలి. పలచని మసక కమ్మిన రాత్రులలో అది తరచుగా దొరుకుతుంది. అసలు శత్రువు ఎండాకాలంలో పగలంతా కాగి, రాత్రంతా సెగలు కక్కే స్లాబు. దానిమీద అతడు బకెట్లకొద్దీ నీళ్లు పోస్తుంటే, ఆ నీళ్లు బీరపాదుకు పోసినా నాలుగు కాయలు కాసేవని భార్య అనడంలో అన్యాయం లేదు. 2026 జనవరి 10న భూమికి ఎదురుగా వచ్చిన గురుడు రామగుండానికి దాదాపు నడినెత్తికి చేరాడు. గాలి దృష్ట్యా అంతకు మించిన చోటు లేదు, డాబ్సోనియన్‌కు అంతకు మించిన చిక్కూ లేదు, ఎందుకంటే నిలువుగా నిలబడిన గొట్టం చేతికి పట్టు ఇవ్వక పెట్టెతో పెనుగులాడిస్తుంది.

చూడటానికి వచ్చేవారి ధోరణి వేరు. ఏలినాటి శని నడుస్తున్నవాళ్లు శనిని చూడవచ్చునా అని అడిగిన ఓవర్‌మన్‌కు, శని సూర్యుణ్ణి చుట్టడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుందని, రాశికి రెండున్నర చొప్పున మూడు రాశులకు ఏడున్నర అవుతుందని హేతుబద్ధంగా వివరించి, ఆయన భయాన్ని గణితంతో స్థిరపరుస్తాడు. 2025 మార్చిలో వలయాలు భూమివైపు అంచు తిప్పినందువల్ల ఆ ఏడాది అవి సన్నని గీతగానే కనిపించాయి. వలయం ఊడిపోయిన సరుకును అంటగట్టారని కాలనీ తీర్పు చెప్పింది.

ఈ రకానికి ప్రతిరకం ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో ఉంటుంది: మోటార్లున్న, మీట నొక్కితే గ్రహం వైపు తనంతట తానే తిరిగే టెలిస్కోపు యజమాని. ఆయన పరికరానికి దిక్కులు నేర్పుకునేలోగా మనవాడు రెండు గ్రహాలు చూసి, టీ కూడా తాగేస్తాడన్నది నిజం. తెల్లవారి వాట్సాప్‌లో ఆయన గురుడికి ఎర్రమచ్చ స్పష్టంగాను, మనవాడి గురుడికి చూపిస్తే కనబడేటట్టుగాను ఉంటుందన్నదీ నిజమే. “వాళ్ల దిక్కు గాలి మంచిగుండె” అని ఇతని వివరణ. బాయిలో గాలిని తనిఖీ చేయడానికి వెంటిలేషన్ ఆఫీసరు ఉంటాడు గాని డాబాల మీద అటువంటివారెవరూ లేరు గనుక, ఆ వాదనను ఇంతవరకు ఎవరూ ఖండించలేకపోయారు.