పణ్యాధ్యక్షులవారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మౌర్యసామ్రాజ్య పణ్యాధ్యక్షులవారి సముఖమునకు, టమాటా కొని తినెడి ఒకానొక గృహస్థుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

సరకుల క్రయవిక్రయములను పర్యవేక్షించు తమ ఉద్యోగధర్మములను నిర్దేశించిన కౌటిల్యుని అర్థశాస్త్రము శతాబ్దుల తరబడి మరుగున పడియుండి, పండితులు శామశాస్త్రిగారి పుణ్యమా అని 1909లో మైసూరున అచ్చుపడిన నాటినుండి తమ చిరునామా మాబోంట్లకు దొరికినది. ఇప్పటి అధికారులకు పెట్టుకొన్న అర్జీలకును ప్రత్యుత్తరము రాదు గనుక, తమకు వ్రాయుటలో నాకు కలుగు నష్టమేమియు లేదు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున మేలురకపు టమాటా కిలో వంద దాటి, నెలాఖరునకు రెండువందల దరిదాపులకు పోయినది. దేశమంతయు గగ్గోలు. కేంద్ర ప్రభుత్వము సహకార సంస్థలచేత మా ఆంధ్ర ప్రాంతపు సరకును గూడ కొనిపించి, ఢిల్లీవాసులకు కిలో 90కి, పిదప 80కి, 70కి అమ్మించినది. సెప్టెంబరు వచ్చుసరికి కర్నూలు జిల్లాలో అదే కాయ పది రూపాయలకు దిగువన పడి, కోతకూలియు బండికిరాయియు గిట్టక రైతులు రోడ్డుమీద పారబోసినపుడు మాత్రము, ఆ ఆతురత ఏ కార్యాలయమున కునుకు తీసెనో తెలియరాలేదు.

జూలై ధర నన్నంతగా బాధింపలేదు. పంట పోయినపుడు మిగిలిన నాలుగు కాయలకు విలువ పెరుగుట దొంగతనము కాజాలదు. నన్ను బాధించునది మార్కెట్టులోని వేలము. బండి దిగిన పెట్టెలోని దోరకాయ రేపటికి పండును, పండినది ఎల్లుండికి కుళ్లును. అమ్మనని మరల ఇంటికి మోసికొనిపోవుటకు రైతునొద్ద కిరాయి లేదు. పాట పాడువారో, నేడు కాకున్న రేపు రాగలరు. వేచియుండగలవానికిని వేచియుండలేనివానికిని నడుమ కుదిరినదానికి స్వేచ్ఛావిపణి యని పేరు పెట్టి, అందు కమీషనును తరుగును హమాలీయు మినహాయించి, మిగిలినదానిని న్యాయమైన ధర యని రైతు చేతిలో పెట్టుచున్నాము.

తమ శాస్త్రమున స్వదేశపు సరకుపై నూటికి ఐదు, పరదేశపు సరకుపై పది మాత్రమే లాభమని కట్టడి యున్నది. సరకు వెల్లువైనపుడు దానిని ఒక్కచోటనుండియే విక్రయింపవలెను, అది చెల్లువరకు ఇతరులు అమ్మరాదు. వర్తకులు కూడబలుకుకొని అధర్మపు ధరకు అమ్మినను, కొన్నను గూడ, వేయి పణముల దండన. ఆ 'కొన్నను' అన్న ముక్కయే నన్ను తమ వాకిటికి ఈడ్చుకొనివచ్చినది. మా చట్టము సీసాలోని టమాటా సాసుపై గరిష్ఠ ధర ముద్రింపుమని శాసించును. సీసాలో పడకమునుపు ఆ కాయకు కనిష్ఠ ధర యనునది లేదు. మద్దతు ధరల పట్టికలో దాని పేరే కానరాదు.

కావున, ఆ వేయి పణముల రసీదు పుస్తకము తమ భాండారమున మిగిలియున్నయెడల, ఒక్క సెప్టెంబరు మాసమునకు మాకు ఎరవిప్పింపవలెను. తపాలా ఖర్చు టమాటాలుగా చెల్లించెదను. ఏ నెల ధరకు లెక్కకట్టవలెనో తామే సెలవిచ్చునది.

చిత్తగింపవలెను.