ఇంకో తడవ రండి

మా ఊరు తడ. పేరు చెప్పగానే చెన్నై కుర్రకారు "ఓ, వాటర్ ఫాల్సా!" అంటారు. లారీ డ్రైవర్లు "ఓ, చెక్‌పోస్టా!" అంటారు. మొదటిది మాది కాదు. అందరూ 'తడ ఫాల్స్' అనే ఉబ్బలమడుగు జలపాతం ఉండేది వరదయ్యపాలెం మండలంలో. నీళ్ళు వాళ్ళవి, పేరు మాది. రెండోది మాత్రం నిజంగానే మాది. భీములవారిపాలెం చెక్‌పోస్టు దగ్గర ఒకప్పుడు లారీలు ఎంతసేపు నిలబడేవంటే, డ్రైవర్లు అక్కడే స్టవ్వు వెలిగించి వండుకొని, తిని, ఒక కునుకు తీసి లేచి చూస్తే ముందున్న లారీ బారెడు జరిగి ఉండేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. లారీలను పన్ను కాగితాల కోసం నిలబెట్టే పని తప్పింది. మా నిలబడే పని మాత్రం తప్పలేదు.

ఊరి పేరులోనే ఏదో ఉందని నా అనుమానం. ఒకనాడు రైలు కోసం కాచుకొని కూర్చొని, తోచక ఫోనులో బ్రౌణ్య నిఘంటువు తెరిచాను. 'తడయు' అని ఒక పాత క్రియ దొరికింది. ఆలస్యం చేయు అని అర్థం. పొలిమేర దాటి ఆరంబాకంలో అడుగు పెడితే తమిళంలో 'తడై' అంటే అడ్డంకి. గీతకు ఇటు ఆలస్యం, అటు అడ్డంకి. మా ఊరికి ఆ పేరు అసలెట్లా వచ్చిందో పండితులు తేల్చాలిగాని, ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నవాడికి ఈ వ్యుత్పత్తి చాలు. పైగా మా నెల్లూరు వైపు 'సారి' అనం, 'తడవ' అంటాం. ఏ ఆఫీసుకు అర్జీ పట్టుకుపోయినా "ఇంకో తడవ రండి" అంటారు. పొమ్మంటున్నారో, మా ఊరికి దారి చెబుతున్నారో తెలియదు.

అట్లాగని మాది దారీ తెన్నూ లేని ఊరు అనుకోకండి. దారులకేం కరువు లేదు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే జాతీయ రహదారి మా మీదుగానే పోతుంది. మద్రాసునూ బెజవాడనూ కలుపుతూ 1899 నాటికే పడిన రైలు మార్గం మా మీదుగానే. ఢిల్లీ పోయే బండి, హౌరా పోయే బండి అన్నీ మా ఊరి గాలిని చీల్చుకుంటూ పోతాయి. తెల్లదొరలు తవ్వించిన బకింగ్‌హాం కాలువ మా పక్క పులికాట్ సరస్సును పట్టుకొని సాగుతుంది. దేశం మొత్తం మా ఊరి మీదుగా పోతుంది. ఆగేది మేమొక్కళ్ళమే.

ముందు రైలు సంగతి. చెన్నై నుంచి వచ్చే లోకల్ బండ్లలో ఎక్కువ భాగం గుమ్మిడిపూండిదాకా వచ్చి, అక్కడ ఒళ్ళు విరుచుకొని వెనక్కి పోతాయి. కొన్ని మాత్రం దయదలిచి సూళ్ళూరుపేటదాకా వస్తాయి. వాటిలో ఒకటి తప్పిందంటే ఇక రెండోదాని కోసం మనిషి ఋషి కావాల్సిందే. ఆ వచ్చే బండి కూడా వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే పక్క లైన్లోకి తప్పుకొని నిలబడుతుంది. పెళ్ళివారి కారొస్తే ఎద్దులబండి గట్టెక్కినట్టు. ఉన్నవి రెండే పట్టాలదార్లు, బండ్లేమో వందలు. తప్పు బండిది కాదు, బండివాడిది కాదు. తప్పెవరిదో తెలియకపోవడమే ఇందులో అసలు అందం.

మా స్టేషన్లో ఒక రిటైరైన అయివారు ఉన్నారు. పేరు చెబితే ఆయన ఒప్పుకోరు. ముప్పై ఏళ్ళు పిల్లకాయలకు హాజరు వేసిన చెయ్యి ఊరికే ఉండలేక, ఇప్పుడు రైళ్ళకు హాజరు వేస్తోంది. పొడుగాటి లెక్కల పుస్తకంలో స్కేలుతో గళ్ళు గీసి, ఎడమ పక్క బండి పేరు, కుడి పక్క తేదీలు. వేళకు వస్తే 'హా', రాకపోతే 'గై', లేటుగా వస్తే ఎర్ర సిరాతో ఎన్ని నిమిషాలో. పేజీ చూస్తే తట్టు పోసిన పిల్లకాయ ఒళ్ళులా ఉంటుంది.

"ఏంది అయివారూ, ఇవాళ మనోడు ఎట్ట?" అంటాను.

"నలభై నిమిషాలు అబ్బయా. మా బళ్ళో అయితే వాళ్ళ నాయన్ని పిలిపించి ఉందును."

వాళ్ళ నాయన ఎవరో తెలియకే కదా ఈ బాధంతా.

2023 జులై 14 మధ్యాహ్నం నేనూ ఆయనా ఆ బల్ల మీదే ఉన్నాం. మా బండి రావాల్సిన వేళ దాటిపోయింది. సరిగ్గా 2 గంటల 35 నిమిషాలకు సరస్సు అవతల శ్రీహరికోటలో నిప్పు రాజుకుంది. చంద్రయాన్-3. ముందు వెలుగు, తర్వాత పొగ, ఆ తర్వాతెప్పుడో కడుపులో దడదడ. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అయివారు కళ్ళజోడు తుడుచుకొని, గడియారం చూసుకొని, పుస్తకం తెరిచి అట్టడుగు వరసలో కొత్తగా ఒక పేరు రాశారు: చంద్రయాన్. ఎదురుగా నల్ల సిరాతో 'హా'. ఆ పేజీలో ఎర్ర మరక పడని వరస అదొక్కటే.

ఆ నౌక నలభై రోజుల్లో, ఆగస్టు 23 సాయంత్రం, చంద్రుడి మీద దిగింది. దిగుతున్నప్పుడు మేము మళ్ళీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాం, ఫోన్లలో చూస్తూ. అదే బండి కోసమే. మధ్యలో ఇళ్ళకు పోయి వచ్చాం లెండి.

మాకు అంతరిక్షంతో ఇట్లాంటి పేచీలు చాలా ఉన్నాయి. మంగళయాన్‌కు కిలోమీటరుకు ఏడు రూపాయలే పడిందని 2014లో ప్రధానమంత్రి అమెరికాలో చెప్పారు గదా. ఆ ముక్క గుర్తుపెట్టుకొని, స్టేషన్ నుంచి శ్రీసిటీ గేటుకు బాడుగ అడుగుతున్న ఆటో అబ్బాయితో బేరమాడాను.

"అంగారకుడికే కిలోమీటరు ఏడు రూపాయలంట, నీకేంది నాయనా ఇంత?"

అతను బీడీ ఆర్పి చెవిలో పెట్టుకొని నింపాదిగా అన్నాడు. "అది పోతే తిరిగొచ్చే పన్లేదన్నా. నేను ఖాళీ బండి వేసుకొని రావాల."

అడిగినంతా ఇచ్చి ఎక్కి కూర్చున్నాను.

శ్రీసిటీ అన్నాను గదా, అది మా పక్కనే 2008లో వెలిసిన పారిశ్రామిక నగరం. చాక్లెట్ల నుంచి పికప్ బండ్లదాకా అక్కడ తయారుకాని వస్తువు లేదు. అన్నిటికన్నా నా గుండెకు గుచ్చుకునేది ఒకటుంది. అక్కడ ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో మెట్రో రైలు పెట్టెలు చేస్తారు. చెన్నై మెట్రోకు, కొచ్చికి, లక్నోకు, ఆఖరికి సముద్రాలు దాటి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి కూడా అక్కడ చేసిన రైళ్ళే పోయాయి. పెద్ద ట్రెయిలర్ లారీ మీద, ఒళ్ళంతా కప్పుకొని, అత్తారింటికి పోయే కొత్త పెళ్ళికూతురులా రైలు పెట్టె హైవే మీద కదిలిపోతుంటే మేము టీ గ్లాసులు పట్టుకొని చూస్తుంటాం. పుట్టింది మా పక్కింట్లో, కాపురం సిడ్నీలో. 2019లో అక్కడ నడక మొదలుపెట్టిన ఆ రైలుకు డ్రైవరు కూడా అక్కరలేదట. ఈ మాట చెబితే అయివారు కాసేపు ఆలోచించి అన్నారు: "ఆడ డ్రైవరు లేకుండా రైలు నడస్తా ఉండాది. ఈడ రైలు లేకుండా స్టేషను నడస్తా ఉండాది. ఎవురిది గొప్ప అబ్బయా?"

ఇక రోడ్డు. చెన్నై నుంచి తడదాకా 43 కిలోమీటర్ల చిల్లర. దాన్ని ఆరు వరసలు చేస్తామని 2009 ప్రాంతంలో పని మొదలైంది. మా అమ్మాయి ఒకటో క్లాసులో చేరింది కూడా ఆ ఏడే. ఇద్దరూ కలిసి పలకా బలపం పట్టారు. అమ్మాయి ఏటా ఒక క్లాసు దాటుకుంటూ ఏడుకొచ్చింది. రోడ్డేమో పాత కాంట్రాక్టు విడిచిపెట్టి, కొత్త టెండర్ల బళ్ళో మళ్ళీ ఒకటో క్లాసులో చేరింది. సగం లేచిన వంతెన స్తంభాలు, చువ్వలు పైకి పొడుచుకొని, చేతులెత్తి "సార్, నేను చెబుతా" అంటున్న వెనక బెంచీ పిల్లకాయల్లా ఏళ్ళ తరబడి నిలబడ్డాయి. వాటి మీద కాకులు గూళ్ళు పెట్టి, పిల్లల్ని చేసి, వాటికీ సంసారాలు ఏర్పడ్డాయి. ఖర్చు సంగతంటారా, మన భాషలో దానికో మంచి మాట ఉంది: తడిసి మోపెడు. అందులోనూ మా ఊరి పేరే వినపడుతుంది నాకు.

రైలూ రోడ్డూ కాకపోతే కాలువ ఉందిగా అంటారు. ఉంది. 1806లో మద్రాసు నుంచి ఉత్తరంగా తవ్వడం మొదలుపెట్టిన కాలువ. 1878లో దానికి అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. మా తాతల కాలంలో కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో దీని మీదుగానే మద్రాసు చేరేవి. గాలి వాలుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. 2008లో కేంద్రం కాకినాడ, పుదుచ్చేరి మధ్య కాలువలనూ గోదావరి, కృష్ణలనూ కలిపి నాలుగో నంబరు జాతీయ జలమార్గం అని ప్రకటించింది. మా కాలువా అందులో ఉంది. ఆ వార్త వచ్చిన పేపరు ముక్క మా ఇంట్లో బీరువా అర అడుగున పరిచి ఉంది. కాలువ పూడిపోయి, గట్ల మీద సర్కారు తుమ్మ అల్లుకొని, అందులో పడవ నడవాలంటే ముందు గొడ్డలి నడవాలి. నంబరు మాత్రం భద్రంగా ఉంది.

మా బాధ ఇంత ఏకరువు పెడితే నవ్వేవాళ్ళు ఒకరున్నారు. సరస్సు మధ్య ఇరకం దీవి జనం. అదీ మా మండలమే. వాళ్ళు బజారుకు రావాలన్నా, ఆస్పత్రికి రావాలన్నా పడవే గతి. వంతెన మాట ఎన్నికల ముందు లేస్తుంది, లెక్కింపు అయ్యాక మునుగుతుంది. ఒకనాడు రేవులో ఒక పెద్దామె, రొయ్యల బుట్ట దించుకుంటూ, నా రైలు గోడంతా విని అంది: "నీకు లేటయితే బండి రాలేదంటావు నాయనా. మాకు గాలి రాలేదంటాం. గాలి మీద ఎవురికి అర్జీ పెట్టేది?" నేను నోరు మూసుకొని రొయ్యలు కొనుక్కున్నాను.

ఆ సరస్సుకే ఏటా చలికాలం ఫ్లెమింగోలు వస్తాయి. ఎక్కడెక్కడి నుంచో, ఏ టికెట్టూ లేకుండా, వేళ తప్పకుండా. వేళకు వచ్చినందుకు వాటికి ప్రభుత్వం పండగ చేస్తుంది, స్టాళ్ళూ పాటలూ సహా. న్యాయమే. వేళకు వచ్చేవాళ్ళకు పండగ చెయ్యడం మంచి అలవాటు. మా లోకల్ కూడా ఒక వారం వరసగా వేళకు వస్తే చందాలేసుకొని మేమే చేస్తాం.

అర్జీలు పెట్టలేదా అంటే, పెట్టాం. అక్కడే మా ఊరి జాతకం అడ్డం తిరుగుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మేము పొలిమేరలో పడ్డాం. రాష్ట్రం మనది, రైలు సంగతి తేలాల్సింది చెన్నైలో. 2022 ఏప్రిల్ 3 దాకా నెల్లూరు జిల్లా, ఆ మర్నాటి నుంచి తిరుపతి జిల్లా. ఒక ఆఫీసులో అడిగితే "మీ ఫైలు పాత జిల్లాలో ఉందేమో" అన్నారు. పాత జిల్లాలో అడిగితే "మీరిప్పుడు మా వాళ్ళు కాదుగా" అన్నారు, చీరె పెట్టి సాగనంపిన ఆడబిడ్డతో అన్నట్టు. ఇంకో చోట గుమస్తా మా అర్జీ ఆసాంతం చదివి, పేపరు బరువు కింద పెట్టి, ఫ్యాను వేగం పెంచి, అలవాటైన ఆ మాటే అన్నాడు. ఆ మాట ఏమిటో మీకు తెలుసు.

మేమడిగేది బులెట్ రైలు కాదు. గుమ్మిడిపూండికీ మాకూ మధ్య ఎళావూరు, ఆరంబాకం, రెండే స్టేషన్లు. మూడోది మేమే. అక్కడ ఒళ్ళు విరుచుకొని వెనక్కి తిరిగే లోకళ్ళలో పొద్దున రెంటిని, సాయంత్రం రెంటిని ఇంకో ఇరవై కిలోమీటర్లు ముందుకు తోలండి. అంతే. చంద్రుడి దూరంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఈ వ్యాసం ఎవరైనా పెద్దల కంట పడితే ఒక్క మనవి. అయివారిది మూడో లెక్కల పుస్తకం నడుస్తోంది. మొన్ననే ఆయనకు ఎనభై దాటాయి. అందులో మన బండి పేరుకెదురుగా, నల్ల సిరాతో వరసగా ఒక వారం 'హా' వేసి చూసుకోవాలని ఆయన కోరిక. మాకు చెప్పినా ఫరవాలేదు, అలవాటే. ఆయనకు మాత్రం ఇంకో తడవ రమ్మని చెప్పకండి.