దాహం ఎరగని మామిడి

మా దొడ్లోని కొత్తపల్లి కొబ్బరి మామిడి వరసగా కొన్నేళ్ళు పూయకపోవడానికి కారణం నేనే. తెగులు కాదు, పురుగు కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఉద్యోగం చాలించి ఊరు చేరి, పెరటి చెట్ల మీద ప్రేమ పెంచుకున్నవాళ్ళు మా కొత్తపేట చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ళకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ అంటు నాన్నగారు కడియం నుంచి తెచ్చి వేసింది. ఆయన ఉన్నన్నాళ్ళూ కాపు హెచ్చుతగ్గులుగా ఉన్నా ఆవకాయకి కాయ కొన్నది తక్కువ. కొబ్బరిచెట్లకి పాదులు తవ్వి, వేసవిలో కాలవ కట్టేశాక కూడా బోరు నీళ్ళు పెట్టేవారు. మామిడి మొదట్లో మాత్రం చెంబుడు నీళ్ళు పోయడం నేను చూళ్ళేదు. పాపం దాన్ని పట్టించుకోలేదనుకున్నాను. ఆయన పోయాక ఆ లోటు నేను తీర్చాలనుకున్నాను.

కోనసీమలో పుట్టినవాడికి చెట్టంటే కొబ్బరే. దానికి విరామం లేదు. మట్టకో గెల చొప్పున ఏడాదికి పన్నెండు దాకా వేస్తుంది. గెల బయటపడడానికి రెండేళ్ళకు పైగా ముందే మొవ్వులో దాని మొలక పడుతుంది. అందుకే ఈ ఏటి నీటెద్దడి దెబ్బ ఆపై ఏళ్ళలో కనపడుతుంది. తడి ఆరనివ్వకూడదన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన పాఠం. ఆ పాఠాన్నే మామిడికీ అప్పజెప్పాను. పాదు చేసి పైపు వేశాను. దసరా దాటాక పశువుల ఎరువు, దానిపైన యూరియా. కార్తీకంలో దారికి అడ్డమని కొమ్మల కొసలు కత్తిరించాను. ధనుర్మాసంలో ఊళ్ళో మామిళ్ళు పూతకొస్తుంటే నా చెట్టు రాగిరంగు చిగురు వేసింది. ఒక ఆకు వేళ్ళ మధ్య పట్టుకుంటే పట్టుగుడ్డలా మెత్తగా, వాలిపోతూ ఉంది. చెట్టు ఆరోగ్యంగా ఉందని మురిసిపోయాను.

కొబ్బరి దింపుకొచ్చిన పెద్దాయన ఒకసారి తలెత్తి చూసి, "బాబుగారూ, దీనికి ఎప్పుడైనా దాహమెయ్యనిచ్చారా అండీ?" అన్నాడు. ఆ మాట పట్టుకుని అప్పుడు తెలుసుకున్నాను.

మామిడి పూసేది ఎక్కువగా కొమ్మ కొసనున్న మొగ్గ నుంచి. ఆ కొసకి నాలుగైదు నెలల వయసొచ్చి, ఆకు ముదురాకుపచ్చగా మారి, నలిపితే పెళుసుగా విరగాలి. వానాకాలపు చిగురు శీతాకాలానికి అలా ముదురుతుంది. అప్పుడు నేల ఆరి, రాత్రులు చల్లబడితే ఎదుగుదల ఆగుతుంది. ఆకులు చేసిన ఆహారం కొమ్మల్లో పోగుపడి మొగ్గ పూతగా తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే నీరు, నత్రజని అందితే అదే మొగ్గ చిగురైపోతుంది. పూయవలసిన కొసల్ని కొన్నిటిని కత్తెరతో తీసేశాను, మిగతావాటిని నీళ్ళతో చెడగొట్టాను. పాతకాలంవాళ్ళు పూయని మామిడి మొదలుకి కత్తితో గాట్లు పెడుతుంటే మూఢనమ్మకమనుకునేవాణ్ణి. బెరడు తెగితే ఆకుల ఆహారం వేళ్ళకి దిగకుండా పైనే నిలుస్తుంది. అందులో పస ఉంది. ప్యాక్లోబ్యుట్రజాల్ అనే మందు కూడా పనిచేస్తుంది. జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్‌ను అణిచి పూత తెప్పిస్తుంది. అయితే అది మట్టిలో చాలాకాలం ఉండిపోతుంది. నుయ్యి పక్కన అది పోయడం నాకిష్టం లేదు.

నన్ను బాధపెట్టేది కాపు పోవడం కాదు. నాన్నగారు నీళ్ళు పోయకపోవడం ఎరిగి చేసిన పని. ఎందుకలా చేస్తున్నారని బతికుండగా ఒక్కసారి అడగలేదు, పైగా ఆయన మీద తప్పు మోపాను.

ఇప్పుడు కాయ కోయగానే కత్తిరింపు, ఎరువు అయిపోతాయి. దసరా తర్వాత పైపు అరటి వైపు తిప్పేస్తాను. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్ళీ తడి. మా నేలలో నీరు పైపైనే ఉంటుంది కనుక కొబ్బరి పాదుల చెమ్మ ఇటు రాకుండా బోదె తీయించాను. తూర్పు కొమ్మలు పూశాయి. పడమటివి ఇంకా పూయలేదు. ఎండ తగలని కొమ్మ సరిగ్గా పూయదు, అటు రెండు కొబ్బరిచెట్ల నీడ ఉంది. కొట్టించెయ్యమంటున్నారు ఇంట్లో. అవీ నాన్నగారు వేసినవే, ఇంకా కాస్తున్నాయి. నాకు మనసొప్పడం లేదు.